సడలిన చర్మము

లోకము నోరు విచిత్రమైనది. లావుగా నున్న మనిషిని చూచి "కాస్త ఒళ్లు తగ్గించుకొనరాదా?" అని హితవు చెప్పును. ఆ మనిషి రెండు సంవత్సరములు నోరు కట్టుకొని, తెల్లవారుజామున లేచి నడచి, ముప్పది నలువది కిలోల బరువు దించుకొని వచ్చినచో, ఆ నోరే "అయ్యో, ఇట్లు చిక్కిపోయినారేమి? చక్కెర వ్యాధి గాని పట్టుకొన్నదా?" అని పరామర్శించును. ఈ రెండు మాటలకు నడుమ ఆ మనిషి ఎవరితోను చెప్పుకొనలేని చింత యొకటి కలదు. కొవ్వు పోయినది, ఇంతకాలము దానిని కప్పియున్న చర్మము మాత్రము మిగిలిపోయినది. పొట్టక్రింద మడతగా, భుజముల క్రింద సంచివలె, తొడల లోపలి వైపున ముడుతలుగా అది వ్రేలాడుచున్నది. ఇంత శ్రమకు ఇదియా ఫలమని మనసు క్రుంగుట సహజము.

ఈ క్రుంగుబాటును ఆసరా చేసికొని పెద్ద వ్యాపారమే సాగుచున్నది. కొలది దినములలో చర్మము బిగియునను లేపనములు, నడుముకు చుట్టుకొను పట్టీలు, నీటిలో కలిపి త్రాగు పొడులు అంగళ్లలో బారులు తీరియున్నవి. సెమాగ్లూటైడ్ అను సూదిమందు స్థూలకాయ చికిత్సకై 2021లో అమెరికాలో అనుమతి పొందిన తరువాత, తక్కువ కాలములో ఎక్కువ బరువు కోల్పోవు వారు అధికమైరి. వారితోపాటు ఈ చింతయు అధికమైనది. సడలిన చర్మము మరల బిగియునా? అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుటకు వీలులేదు. కొంత బిగియును, కొంత బిగియదు. ఎంతవరకు బిగియునో, ఆ పైన ఎందుకు బిగియదో తెలిసికొన్నచో వ్యర్థమైన ఆశయు, వ్యర్థమైన సిగ్గును, రెండును తొలగును.

పెద్దవారి చర్మమును పరచి కొలిచినచో ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల వరకు ఉండును. అందు పైపొర మిక్కిలి పలుచనిది. దాదాపు నెల దినములకొకసారి అది రాలిపోయి క్రొత్తది ఏర్పడుచుండును. బిగువునకు సంబంధించిన కథ యంతయు దాని క్రిందనున్న మందపు పొరలో జరుగును. ఈ క్రింది పొర నేతవస్త్రము వంటిది. ఇందు రెండు విధముల పోగులు కలవు. మొదటిది కొలాజెన్. నీరు తీసివేసిన పిమ్మట ఈ పొర బరువులో నూటికి డెబ్బది పాళ్లకు మించి అదియే. గుంజినను తెగని పగ్గము వంటిది అది. రెండవది ఎలాస్టిన్. పరిమాణమున నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే. అయినను సాగిన చర్మమును తిరిగి తన చోటికి చేర్చునది ఈ పోగే.

చర్మము ఊరక కప్పిన దుప్పటి కాదు. ఎల్లవేళల లాగి కట్టిన గుడారపు వస్త్రము. ఈ సంగతిని 1861లో వియన్నా నగరమున కార్ల్ లాంగర్ అను శరీరశాస్త్రజ్ఞుడు చక్కగా నిరూపించెను. ఆయన మృతదేహములపై గుండ్రని మొన గల ములుకుతో రంధ్రములు చేసి చూచెను. ములుకు గుండ్రనిదే గాని, రంధ్రములు గుండ్రముగా నిలువక సన్నని చీలికలుగా సాగినవి. చర్మము ఏ దిక్కునకు లాగబడియున్నదో ఆ దిక్కునకు చీలికయు సాగినది. ఆయన గీచిన రేఖలకు ఆయన పేరే నిలిచినది. గాయపు మచ్చ సన్నగా మానవలెనని కోరు శస్త్రవైద్యులు నేటికిని ఇట్టి రేఖలను గమనించి కత్తి పెట్టుదురు.

రెండు పోగులకును గల భేదమును ప్రకృతియే కొన్ని అరుదైన వ్యాధుల రూపమున మనకు చూపినది. పదునేడవ శతాబ్దమున యోబ్ వాన్ మేకెరెన్ అను డచ్చి శస్త్రవైద్యుడు ఒక స్పానిష్ యువకుని గూర్చి వ్రాసియుంచెను. ఆ యువకుడు తన కుడి రొమ్ముపై చర్మమును ఎడమ చెవివరకు లాగగలిగెడివాడట; విడిచినంతనే అది మరల యథాస్థానమునకు పోయెడిదట. ఇట్టి వ్యాధిని 1901లో డెన్మార్కు వైద్యుడు ఎడ్వర్డ్ ఏలెర్స్, 1908లో ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ దాన్లో వర్ణించిరి. దీనికి మూలము చాలవరకు కొలాజెన్ లోపము. పగ్గము బలహీనము గనుక చర్మము మితిమీరి సాగును. ఎలాస్టిన్ చెడలేదు గనుక తిరిగి వచ్చును. ఎలాస్టిన్ చెడిన వేరొక వ్యాధియందు చర్మము తిరిగి రాదు. అట్టి వ్యాధితో పుట్టిన పసిబిడ్డ ముఖము సైతము ముదుసలి ముఖమువలె వ్రేలాడును.

కొలాజెన్ పగ్గము వంటిదన్న మాట ఉపమానము మాత్రమే కాదు. నిజముగనే అది పేనిన పగ్గము. ఆ పేనికను కనుగొనిన చోటు మన పొరుగుననున్న మదరాసు. మదరాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖయందు జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు 1954లో కొలాజెన్ మూడు పోగుల నిర్మాణమును ప్రతిపాదించి, 1955లో దానిని సవరించి, మూడు పోగులును ఒకదాని చుట్టు ఒకటి మెలికపడిన త్రాడుగా నిరూపించిరి. ఆ త్రాడులో ప్రతి మూడవ స్థానమున గ్లైసిన్ అను మిక్కిలి చిన్న అణువు ఉండును. పోగులు కలిసికొను ఇరుకుచోటులో మరియొకటి పట్టదు. వారి పరిశోధనకు కావలసిన కంగారూ తోక స్నాయువు ఆ నగరమందలి కేంద్ర చర్మ పరిశోధన సంస్థనుండి లభించినది. తెనాలి ప్రాంతమందలి యలవర్రు గ్రామమున 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ గారు 1958 మొదలు 1971 వరకు డైరెక్టరుగా నడపిన సంస్థ అదియే. చెప్పులకు పనికివచ్చు తోలును గూర్చిన విద్యయు, మన ఒంటి చర్మమును గూర్చిన విద్యయు ఒకే పగ్గమును పట్టుకొనియున్నవి.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మనిషి లావెక్కినప్పుడు చర్మము రబ్బరువలె సాగుట మాత్రమే జరిగినచో, చిక్కినప్పుడు రబ్బరువలెనే ముడుచుకొనవలసినది. కాని బ్రదికియున్న చర్మము చాలకాలము లాగబడినచో సాగుటతో ఊరకుండదు. క్రొత్త కణములను పుట్టించి పెరుగును. అమెరికా శస్త్రవైద్యుడు చార్లెస్ న్యూమన్ 1957లో ఈ గుణమును ఉపయోగించుకొని, చెవిని తిరిగి నిర్మించుటకు చాలినంత చర్మము కొరకు, చర్మముక్రింద చిన్న రబ్బరు బుడగనుంచి కొద్దికొద్దిగా ఉబ్బించెను. పైనున్న చర్మము పెరిగి, కావలసినంత సమకూడినది. కాలినగాయముల రోగులకు నేడును ఈ పద్ధతి అక్కరకు వచ్చుచున్నది. ఆస్పత్రిలో బుడగ చేయు పనినే స్థూలకాయమున కొవ్వు సంవత్సరముల తరబడి చేయును. కావున బరువు తగ్గినవాని ఒంటిపై వ్రేలాడునది కేవలము సాగిన పాత బట్ట కాదు. అదనముగా నేసిన క్రొత్త బట్ట కూడ అందు కలదు. దేహము చిన్నదైనంత మాత్రమున నేసిన బట్ట మాయము కాదు గదా!

పోగుల వయస్సు రెండవ కారణము. చర్మమందలి కొలాజెన్‌లో సగభాగము మారుటకు సుమారు పదునైదు సంవత్సరములు పట్టునని లెక్కగట్టినారు. ఎలాస్టిన్ సంగతి ఇంకను విచిత్రము. తల్లి గర్భమునందును, బాల్యమునందును అది విస్తారముగా తయారగును. యౌవనము వచ్చిన పిమ్మట చాల స్వల్పము. అణ్వస్త్ర పరీక్షల వలన గాలిలో చేరిన రేడియో కార్బనును ఆధారముగా గొని 1991లో కొందరు శాస్త్రజ్ఞులు మానవుల ఊపిరితిత్తులలోని ఎలాస్టిన్‌ను పరీక్షించి, అది సగటున 74 సంవత్సరములు నిలుచునని తేల్చిరి. అనగా బాల్యములో అమరిన పోగే జీవితాంతము వెంటవచ్చును. విద్యార్థి తన చేతివెనుక చర్మమును రెండు వ్రేళ్లతో పైకెత్తి విడిచి, తరువాత నాయనమ్మ చేతిని అట్లే చూచినచో ఈ పాఠము పుస్తకము లేకయే బోధపడును. మొదటిది కనురెప్పపాటులో చదునగును. రెండవది గట్టువలె నిలిచి మెల్లగా దిగును. లాగుడు వలన ఈ పోగులు చిట్లవచ్చును. ఎండయు, పొగాకును వానిని క్షీణింపజేయును. అందుచేతనే ఇరువది యేండ్లవాని చర్మము చాలవరకు కూడదీసికొనును. ఏబది యేండ్లవాని చర్మమునకు అంత శక్తి చాలదు. ఎంత బరువు పెరిగినది, ఎన్ని యేండ్లు ఆ బరువు నిలిచినది అనునవియు లెక్కకు వచ్చును.

మన పల్లెలలో డప్పు వాయించువారు మేళమునకు ముందు గడ్డిమంట వేసి డప్పును కాచుకొందురు. తోలులోని తేమ ఆరిపోయి అది బిగిసి, డప్పు ఖంగున పలుకును. తోళ్లను పదును చేయువారెరిగిన సంగతి వేరొకటి కలదు. పచ్చితోలును నీటిలో నుంచి వేడిచేసినచో సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిమ్మట కొలాజెన్ మెలికలు విడి, తోలు ఒక్కసారిగా ముడుచుకొనును. నేటి చర్మవైద్యులు వాడు రేడియో తరంగ యంత్రములకు ఈ సూత్రమే ఆధారము. ముఖముపై ముడుతల కొరకు ఇట్టి యంత్రము 2002లో అమెరికాలో అనుమతి పొందినది. పైపొర కాలకుండ చల్లబరచుచు, లోపొరను కొలతగా వేడిచేసినచో, కొంత కొలాజెన్ ముడుచుకొనును. ఆ వేడికి గాయపడిన చోట క్రొత్త కొలాజెన్ పుట్టును. కొద్దిపాటి సడలింపునకు ఇది కొంత మేలు చేయును. పొట్టక్రింద జానెడు మడత వ్రేలాడువారికి మాత్రము ఈ యంత్రము తీర్చగలది స్వల్పమే. ధనము వ్యయపరచుటకు ముందు ఈ భేదమును గుర్తింపవలయును.

ఇక లేపనముల మాట. చర్మపు పైపొర కోటగోడ వంటిది. అణుభారము సుమారు 500 దాటిన పదార్థములు దానిని చొచ్చి లోపలికి పోవుట దుర్లభమని చర్మశాస్త్రజ్ఞుల లెక్క. కొలాజెన్ అణుభారము సుమారు మూడు లక్షలు. కొలాజెన్ గల లేపనమును ఎంత రుద్దినను అది గోడ వెలుపలనే నిలుచును. చర్మమును మెత్తబరచును గాని నేతలో చేరదు. విటమిన్ ఏ కు సంబంధించిన ట్రెటినోయిన్ వంటి మందులు ఎండవలన వచ్చిన సన్నని ముడుతలను కొంత తగ్గించును. కాని అవి వైద్యుని సలహాతో వాడవలసినవి, గర్భవతులు విడువవలసినవి. అవియు వ్రేలాడు మడతను ఎత్తలేవు. త్రాగు కొలాజెన్ పొడి కడుపులో జీర్ణమై చిన్నచిన్న ముక్కలగును. ఆ ముక్కలు తిన్నగా పొట్టచర్మమునకే పోయి చేరునను నియమము లేదు. మన ఇండ్లలోని నువ్వులనూనె, సున్నిపిండి చర్మమును శుభ్రముగా, మృదువుగా నుంచును, అది మంచిదే. బాలింతకు పెద్దలు కట్టు నడికట్టు నడుమునకు ఊతమిచ్చును, అదియు మంచిదే. అయితే నూనె గాని, కట్టు గాని పెరిగిన చర్మమును తగ్గింపలేవు.

మరి మన చేతిలో నున్నదేమి? మొదటిది, తొందరపడకుండుట. సాధారణముగా వారమునకు అరకిలో మొదలు ఒక కిలో వరకు తగ్గుట మంచిదని వైద్యులు చెప్పుదురు. దీనివలన కండ యధికముగా కరగకుండును. రెండవది, కండను పెంచు వ్యాయామము. బరువు తగ్గునప్పుడు కొవ్వుతోపాటు కండయు కొంత పోవును. అప్పుడు చర్మము మరింత ఖాళీసంచివలె కనబడును. దండీలు, బస్కీలు, బరువులెత్తుట వంటివి క్రమముగా చేసినచో చర్మముక్రింద కండ నిండి, సడలింపు కొంత సర్దుకొనును. 2023లో జపానులో మధ్యవయస్కులైన స్త్రీలచే 16 వారములు వ్యాయామము చేయించి పరీక్షింపగా, చర్మపు సాగుగుణము మెరుగైనది. బరువులతో వ్యాయామము చేసినవారికి లోపొర మందము కూడ పెరిగినది. మార్పు కొద్దిపాటిదే, కాని నమ్మదగినది.

మూడవది ఆహారము. కొలాజెన్ మాంసకృత్తు గనుక దానిని నేయుటకు మాంసకృత్తులు కావలయును. కందిపప్పు, పెసలు, శనగలు, వేరుశనగ, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, ఎవరికి తగినవి వారు నిత్యము తీసికొనవలయును. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యునడిగి కొలత నిర్ణయించుకొనవలయును. సి విటమిన్ లేక కొలాజెన్ పగ్గము గట్టిపడదు. 1747లో జేమ్స్ లిండ్ అను వైద్యుడు సాల్స్‌బరీ అను ఇంగ్లీషు యుద్ధనౌకలో చిగుళ్లు కుళ్లి, బలము చెడి మంచమెక్కిన నావికులకు వేరువేరు పదార్థములిచ్చి చూచెను. నారింజ, నిమ్మ తిన్నవారు త్వరగా కోలుకొనిరి. ఆ వ్యాధి కొలాజెన్ చెడుట వలన వచ్చినదేయని తరువాతి శాస్త్రము తెలిపినది. మనకు ఉసిరికయు, జామపండును ఉండగా కొరత యేమి? నాలుగవది, పొగాకు మానుట, మండుటెండనుండి చర్మమును కాపాడుకొనుట. అయిదవది ఓపిక. బరువు నిలకడకు వచ్చిన తరువాత కూడ చర్మము కొన్ని మాసములు, ఒక్కొక్కరికి ఒకటి రెండు సంవత్సరములు, మెల్లగా సర్దుకొనుచుండును. ఈ లోపల మడతలను కడిగి, తడి లేకుండ ఒత్తి తుడుచుకొనుట అవసరము. చెమట నిలిచినచోట చర్మము ఒరసికొని ఎర్రబారి, పుండ్లు పడును. అట్లయినచో వైద్యునకు చూపింపవలయును.

ఇన్ని చేసినను పెద్ద మడత మిగిలినచో, దానిని తొలగింపగలది శస్త్రచికిత్స యొక్కటే. బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వైద్యుడు హోవర్డ్ కెల్లీ 1899 నాటికే పొట్టపై వ్రేలాడు చర్మమును, కొవ్వును కోసి తీసిన వృత్తాంతమును ప్రకటించెను. నేడు ఈ విద్య ఎంతయో మెరుగైనది. కాని ఇది చిన్న పని కాదు. పొడవైన మచ్చ జీవితాంతము నిలుచును. గాయము విచ్చుట, చీము పట్టుట, చర్మముక్రింద నీరు చేరుట, కాలి సిరలలో రక్తము గడ్డకట్టుట వంటి ప్రమాదములు కలవు. బరువు కొన్ని మాసములు నిలకడగా నున్న పిమ్మటనే దీనికి పూనుకొనవలయును. జీర్ణాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్స పొందినవారు సాధారణముగా ఏడాది, ఏడాదిన్నర ఆగుదురు. పొగత్రాగువారు కొన్ని వారములు ముందుగా మానవలయును. మడతలవలన నడక కష్టమై, పుండ్లు మానక బాధపడువారికి ఇది సొగసు కొరకు చేయు పని కాదు, నిజమైన చికిత్సయే. అట్టివారిని "ఈ వయసులో అందమెందుకు?" అని ఎగతాళి చేయుట అన్యాయము.

ఉపాధ్యాయులకు ఇందు ఒక బాధ్యత కలదు. బరువును గూర్చిన వెక్కిరింపు మొదట వినబడు చోటు తరగతి గదియే. లావుగానున్న బాలుని, చిక్కిన తరువాత చర్మము వ్రేలాడు బాలుని, ఆటలపీరియడ్డులో చొక్కా విప్పుటకు జంకు బాలికను బాలుని తోటివారు వదలరు. ఉపాధ్యాయుడు మందలించుట మంచిదే. అంతకంటె చర్మము ఎట్లు నేయబడునో వివరించుట మేలు. కారణము తెలిసిన విషయముపై నవ్వు పుట్టుట కష్టము. బరువు తగ్గినవారిని పలుకరించునప్పుడు సైతము మనము అడుగవలసినవి వేరు. మోకాళ్ల నొప్పి తగ్గినదా, మెట్లెక్కునప్పుడు ఆయాసము లేదా, రక్తపుపోటు దిగినదా, నిద్ర బాగుగా పట్టుచున్నదా అని అడిగినచో, ఆ మనిషి తన శ్రమకు దక్కిన ఫలమును తానే లెక్కించుకొనును. కొవ్వు తగ్గుటవలన గుండెకును, కీళ్లకును కలిగిన మేలును చర్మపు మడత ఒక్క పిసరైనను తగ్గింపదు.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకొకటి మిగిలినది. మీ చర్మమందలి ఎలాస్టిన్ నేత ఇప్పటికే చాలవరకు ముగిసినది. ఆ నేత ఇంకను డెబ్బది సంవత్సరములు మీకు పనికిరావలయును. గుట్కా, పొగాకులను దరిచేరనీయకుండుట, మధ్యాహ్నపుటెండలో తలకు గుడ్డయో గొడుగో పట్టుట, రోజూ ఒక గంట ఆడుకొనుట, పప్పును పండ్లను విడువక తినుట, వీనిలో ఖర్చుతో కూడినది లేదు. అంగడిలోని ఏ డబ్బా చేయలేని పనిని ఈ నాలుగును చేయును.